చైనా 'వూషియా' కథలు ఏ కోవకి చెందుతాయి?



ఇవాళ నేను చెప్పబోయేది కత్తుల కథల గురించి. అయినా వంటింట్లోంచే మొదలుపెడతాను. హాంకాంగ్‌లో జిన్ యోంగ్ అనే రచయిత 1957 నుంచి 1959 దాకా ఒక దినపత్రికలో పెద్ద సీరియల్ రాశాడు. అందులో హువాంగ్ రోంగ్ అని ఒక గడుసు పిల్ల ఉంది. ఇల్లు వదిలి తిరుగుతూ ఉంటుంది. ఒకనాడు కోడిని ఈకలతో సహా బంకమట్టిలో పొదిగి నిప్పుల్లో కాలుస్తుంది. మట్టి పెళ్ళ ఊడదీయగానే ఈకలు కూడా ఊడి వచ్చేస్తాయి. ఆ వాసనకి ఎక్కడినుంచో ఒక ముసలి బిచ్చగాడు వచ్చి, నాకో ముక్క పెట్టమంటాడు. తీరా చూస్తే ఆయన దేశంలోని బిచ్చగాళ్ల సంఘానికంతకూ నాయకుడు, పేరు హోంగ్ చీగోంగ్. చేతివిద్యలో ఆయన్ని మించినవాళ్లు నలుగురైదుగురు కూడా ఉండరు. ఇక చూడండి, ఆ పిల్ల రోజుకో కొత్త వంట చేసి పెట్టడం, ముసలాయన లొట్టలు వేసుకుంటూ తినడం, తిన్న రుణానికి ఆమె స్నేహితుడు గువో జింగ్ అనే మందబుద్ధి కుర్రాడికి ఒక్కొక్క దెబ్బ నేర్పడం. మొత్తం పద్దెనిమిది దెబ్బల విద్య. వంటల బలం మీద పదిహేను దాకా వచ్చాడు.

ఆ ముసలాయనకి కుడిచేతి చూపుడువేలు లేదు. ఒకప్పుడు తిండి యావలో పడి, వెళ్లవలసిన చోటికి వేళకి వెళ్లలేదు. ఒక ముఖ్యమైన పని చెడిపోయింది. ఆ కోపంతో తన వేలు తానే నరుక్కున్నాడు. నవ్విస్తూ నవ్విస్తూ రచయిత ఈ మాట మెల్లిగా చెబుతాడు. ఈ కథలన్నిటికీ ప్రాణం ఆ తెగిన వేలులో ఉందని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ ప్రసంగానికి కారణం ఒక శ్రోత రాసిన ఉత్తరం. ఆవిడ కూతురు కాలేజీలో చదువుతోంది. ఫోనులో చైనా సీరియళ్లు చూసి చూసి, ఇప్పుడు అలాంటి నవల తానే రాయడం మొదలుపెట్టిందిట. ఏదో పోటీకి పంపాలని. దరఖాస్తులో 'విభాగం' అని ఒక గడి ఉంది: సాంఘికం, చారిత్రకం, జానపదం, అపరాధ పరిశోధన, సైన్సు. ఆ అమ్మాయి ఏది రాయాలో తోచక తల్లినడిగింది. తల్లి నన్నడిగారు. దానితోపాటు ఇంకోమాట కూడా రాశారు: "ఇవి మంచి కథలేనా, లేక కొట్లాటలేనా? పరీక్షల ముందు ఈ పిచ్చి మానిపించనా?" అని. మొదటి ప్రశ్నకి జవాబు దొరికితే గాని రెండోదానికి దొరకదు. అంచేత మొదటిదానితోనే మొదలెడదాం.

చైనావాళ్లు ఈ కథల్ని 'వూషియా' అంటారు. రెండు మాటలు కలిసినది. 'వూ' అంటే ఆయుధవిద్య, యుద్ధానికి సంబంధించినది. అది సులువే. 'షియా' అనేదే కష్టం. ఇంగ్లీషువాళ్లు నైట్ అని అనువదించారు కాని అతకదు. నైట్ అనేవాడు ఒక ప్రభువు కింద కొలువున్నవాడు, గుర్రమూ భూమీ ఉన్నవాడు. షియాకి ఆ కులమూ లేదు, కొలువూ లేదు. బిచ్చగాడు కావచ్చు, సన్యాసిని కావచ్చు, పైన చెప్పిన వంటపిల్ల కావచ్చు. మన 'వీరుడు' కూడా సరిపోదు. మన వీరుడు ఎక్కువగా రాజు కోసమో, ఊరి కోసమో పోరాడతాడు. షియా ఎవడికో మాట ఇచ్చి, ఆ మాట కోసం రాజు చట్టాన్ని కూడా దాటిపోతాడు.

ఇది ఇప్పటి మాట కాదండీ. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో హాన్ ఫెయ్ అనే రాజనీతివేత్త ఈ షియాలు చట్టాన్ని ధిక్కరిస్తారని, దేశానికి చీడపురుగుల వంటివారని మండిపడ్డాడు. మరో నూటయాభై ఏళ్లకి సీమా చియెన్ అనే గొప్ప చరిత్రకారుడు తన గ్రంథంలో వీళ్లకోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. వీళ్లు చేసే పని ఎప్పుడూ ధర్మానికి అనుగుణంగా ఉండదు, అయినా ఆడినమాట తప్పరు, ఆపదలో ఉన్నవాడికోసం ప్రాణమిస్తారు, చేసిన మేలు చెప్పుకోడానికి సిగ్గుపడతారు అని మెచ్చుకున్నాడు. చూశారా, తల్లికి వచ్చిన సందేహం ఆ దేశంలో రెండువేల ఏళ్ల కిందటే వచ్చింది. వీళ్లు మంచివాళ్లా, రౌడీలా? ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

మనకి ఆసక్తి కలిగించే విషయం, ఈ కథల్లో ఆడవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. టాంగ్ వంశం వారి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, పెయ్ షింగ్ అనే ఆయన పేరుమీద నియె యిన్నియాంగ్ కథ ఉంది. ఒక సేనాధిపతి కూతురు. పదేళ్లప్పుడు ఒక బౌద్ధ సన్యాసిని వచ్చి ఈ పిల్లని నాకిమ్మని అడుగుతుంది. తండ్రి కోప్పడితే రాత్రికి రాత్రి ఎత్తుకుపోతుంది. అయిదేళ్లకి తిరిగి అప్పజెప్పింది. ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే పిల్ల చెప్పిన సంగతులు విని తల్లిదండ్రులు గజగజ వణికారు. ఒకసారి ఒక దుర్మార్గపు అధికారిని చంపమని గురువు పంపిందట. ఈమె ఆలస్యంగా తిరిగి వచ్చింది. ఎందుకంటే ఆయన చిన్నబిడ్డతో ఆడుకుంటున్నాడు, ఆ బిడ్డ ముద్దొస్తూ ఉంటే వెంటనే చెయ్యి రాలేదంది. గురువు తిట్టింది. ఇకమీదట ముందు వాడికి ప్రియమైనదాన్ని చంపి, తర్వాత వాడిని చంపమని చెప్పింది. ఎంత కరుకు మాటో! ఇంటికొచ్చాక ఒకనాడు అద్దాలకు మెరుగుపెట్టే కుర్రాడు గుమ్మంలోకి వస్తే, ఇతన్నే చేసుకుంటానంది. కాదనడానికి తండ్రికి ధైర్యం చాలలేదు. ఈ కథ ఆధారంగా తైవాన్ దర్శకుడు హూ షియావ్‌షియెన్ తీసిన సినిమాకి 2015లో కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. వీలైతే చూడండి. అందులో కత్తియుద్ధాలు చాలా తక్కువ. గాలికి తెరలు ఊగడమే ఎక్కువ. మా ఇంట్లో మగవాళ్లు సగంలో లేచిపోయారు.

మధ్యలో చాలా చరిత్ర ఉంది, గబగబా చెప్పేస్తాను. మింగ్ కాలంలో నూటఎనిమిది మంది దొంగవీరుల మహానవల వచ్చింది. తర్వాత న్యాయాధికారి పక్కన నిలిచి దొంగల్ని పట్టించే వీరుల కథలు వచ్చాయి. 1920ల్లో షాంఘైలో పత్రికలు, చవక పుస్తకాలు పెరిగినప్పుడు ఈ కథలు వరదలా వచ్చాయి. 1928లో ఒక నవలనుంచి 'ఎర్రతామర ఆలయ దహనం' అనే మూకీ సినిమా తీశారు. జనం విరగబడి చూడడంతో 1931 దాకా వరసగా పద్దెనిమిది భాగాలు తీశారు. పిల్లలు చెడిపోతున్నారని, మూఢనమ్మకాలు పెరుగుతున్నాయని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. 1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా వీటిని అచ్చు వేయనివ్వలేదు. ఒకరితో ఒకరికి పడని ప్రభుత్వాలు కూడా ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయి! తైవాన్‌లో జిన్ యోంగ్ పుస్తకాల మీద నిషేధం 1979లో గాని తొలగలేదు.

అలా ఎటూ చోటులేని కథలు హాంకాంగ్‌లో బతికాయి. అక్కడ జరిగిన సంగతి తమాషాగా ఉంటుంది. 1954 జనవరి 17న మకావులో ఇద్దరు గురువులు, ఒకరు తాయ్‌చీ బడివారు, ఇంకొకరు తెల్లకొంగ పద్ధతివారు, టిక్కెట్లు పెట్టి అందరి ఎదుటా తలపడ్డారు. పోటీ చూస్తూండగానే ముగిసింది. గెలుపోటములు తేలలేదు. కాని ఊరంతా అదే చర్చ. ఒక సాయంకాల పత్రిక సంపాదకుడు ఈ వేడి చల్లారకముందే సీరియల్ పెట్టాలనుకుని, తన దగ్గర పనిచేసే లియాంగ్ యూషెంగ్‌ని కూచోబెట్టాడు. మూడోరోజుకల్లా, అంటే జనవరి 20న మొదటి భాగం అచ్చయింది. మరుసటి ఏడు అదే ఆఫీసులోని జిన్ యోంగ్ కూడా కలం పట్టాడు. 1959లో సొంతంగా 'మింగ్ పావ్' పత్రిక పెట్టి, పత్రిక నిలబడడానికి అందులోనే రోజూ నవల రాశాడు. 1955 నుంచి 1972 దాకా పధ్నాలుగు నవలలు, ఒక కథ. తర్వాత రాయడం మానేసి, సుమారు పదేళ్లు కూచుని రాసినదంతా మళ్లీ దిద్దుకున్నాడు. ఇది నాకు చాలా నచ్చింది. సీరియల్ హడావుడిలో పడ్డ తప్పుల్ని పుస్తకంలో ఎవరు దిద్దుతారండీ! ఆయన 2018లో, తొంభైనాలుగో ఏట పోయాడు.

రోజూ రాయడమంటే మాటలు కాదు. 1965లో ఆయన యూరప్ వెళ్లవలసి వచ్చి, నీ కువాంగ్ అనే స్నేహితుడికి సీరియల్ అప్పగించాడు. ఎవర్నీ చంపకు నాయనా అని చెప్పి వెళ్లాడు. ఆ స్నేహితుడికి నవలలో ఆజీ అనే దుష్టపిల్ల అంటే గిట్టదు. చంపలేదు గాని, కళ్లు పోగొట్టాడు! తిరిగొచ్చిన జిన్ యోంగ్ ఏం చేస్తాడు, ఆ గుడ్డితనాన్నే కథలో కలుపుకుని ముందుకు నడిపించాడు. పుస్తకంగా దిద్దినప్పుడు స్నేహితుడి భాగం తీసేశాడు కాని, ఆజీ కళ్లు పోయిన సంగతి మాత్రం ఉంచేశాడు.

ఆ నవల పేరు మనవాళ్లకి చెప్పి తీరాలి. 'తియెన్‌లోంగ్ బాబు'. బౌద్ధ సూత్రాల్లో వచ్చే ఎనిమిది జాతులు: దేవ, నాగ, యక్ష, గంధర్వ, అసుర, గరుడ, కిన్నర, మహోరగ. అంతా మన మాటలే. అయితే నవలలో దేవతలూ యక్షులూ రారు. మనుషుల్లోనే ఆ స్వభావాలు ఉంటాయని ఆయన పెట్టిన పేరు. అలాగే ఈ కథల్లో పదే పదే వచ్చే షావోలిన్ మఠానికి ఆదిగురువు దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిధర్ముడని ఐతిహ్యం. వ్యాయామ విద్య కూడా ఆయనే నేర్పాడంటారు గాని, ఆయన పేరుమీద ఉన్న ఆ గ్రంథం పదిహేడో శతాబ్దం నాటిదని చరిత్రకారులు తేల్చారు. నవలా రచయితలకి మాత్రం ఐతిహ్యమే కావాలి. వాళ్లని తప్పు పట్టలేం.

సరే, ఇక గడి దగ్గరికొద్దాం.

జానపదమా? కత్తులున్నాయి, ఎగిరి గోడలు దాటడాలున్నాయి, మన కాంతారావుగారి సినిమాలు గుర్తొస్తాయి. కాని మన జానపదంలో రాజ్యం పేరు కల్పితం, మాంత్రికుడు ఉంటాడు, చివరికి రాకుమారుడికి రాజ్యమూ రాకుమారీ దక్కుతాయి. వూషియాలో ఎగిరినా అది మంత్రం కాదు. ఇరవై ఏళ్లు శ్వాస పట్టి సాధించిన విద్య అని నమ్మిస్తారు. రాజ్యం ఎవరికీ దక్కదు. చాలా కథల్లో గెలిచినవాడు కొండల్లోకి వెళ్లిపోతాడు. అదీకాక అసలు రాజవంశం, అసలు సంవత్సరం ఉంటాయి. ఇందాకటి వంటపిల్ల నవలలో చెంఘిజ్ ఖాన్ ఉన్నాడు. ఆయన పిలిపించుకున్న చియూ చూజీ అనే తావో సన్యాసి కూడా ఉన్నాడు. ఇద్దరూ చరిత్రలో ఉన్నవాళ్లే.

అయితే చారిత్రకమా? అక్కడా పూర్తిగా నిలవదు. ఎందుకంటే కథ నడిచేది రాజుల చరిత్రలో కాదు, దాని పక్కన ఉన్న మరో లోకంలో. దాన్ని 'జియాంగ్‌హూ' అంటారు. నదులూ సరస్సులూ అని అర్థం. ఇల్లూ పొలమూ లేక తిరిగేవాళ్లందరి లోకం. సత్రాలు, పడవలు, వస్తాదుల బడులు, బిచ్చగాళ్ల సంఘం, దొంగలు, సన్యాసులు. దానికి దాని కట్టుబాట్లున్నాయి. పోలీసూ కోర్టూ అక్కడ పనిచేయవు.

అపరాధ పరిశోధనా? తైవాన్‌లో గూ లోంగ్ అనే ఆయన అలాగే రాశాడు. పొట్టి పొట్టి వాక్యాలు, హత్య ఎవరు చేశారన్న బిగువు, పక్కన సీసా. ఆ సీసాయే పాపం ఆయన్ని 1985లో నలభైయేడేళ్లకే తీసుకుపోయింది. అయినా ఆయన కథల్ని డిటెక్టివ్ కథలని ఎవరూ అనరు.

ఇక ఈ కాలపు పిల్లలు చూసే సీరియళ్లలో చాలావరకూ వూషియా కావు. మనుషులు తపస్సు చేసి అమరులవడం, రాక్షసులు, వెయ్యేళ్ల జన్మలు ఉంటే దాన్ని 'షియెన్‌షియా' అంటారు. 2019లో అంతమంది చూసిన 'అన్‌టేమ్డ్' ఆ కోవలోదే. దాన్ని మన జానపదం పక్కన పెట్టినా పెద్ద పొరపాటు లేదు. వట్టిచేతులతో, దాదాపు మన కాలంలోనే జరిగే బ్రూస్ లీ బాపతు సినిమాలు కుంగ్‌ఫూ. మన ఊళ్లలో మాత్రం అన్నీ కలిపి 'కరాటే సినిమా' అనేవాళ్లు.

ఈ తేడాలెందుకు అంటారేమో. పెట్టిన గడిని బట్టే కదా పుస్తకానికి మర్యాద. 1994లో బెయ్‌జింగ్‌లో వాంగ్ యిచువాన్ అనే ఆచార్యుడు ఇరవయ్యో శతాబ్దపు చైనా నవలాకారుల వరస రాస్తూ జిన్ యోంగ్‌ని నాలుగో స్థానంలో పెట్టాడు. మావో దున్ అంతటి పెద్ద రచయితకి చోటివ్వలేదు. పెద్ద గొడవయింది. పిల్లలు పుస్తకం సంచిలో దాచుకుని చదివే సరుకు సాహిత్యం ఎలా అవుతుందని కొందరు, తాతా మనవడూ కలిసి చదివేది సాహిత్యం కాకపోతే మరేది అవుతుందని కొందరు. నేను రెండోవాళ్ల పక్షం.

మరి దేన్ని బట్టి పోల్చాలి? లియాంగ్ యూషెంగే చెప్పాడు, ఆయుధవిద్య సాధనం మాత్రమే, షియా గుణమే గమ్యం అని. కత్తి లేకపోయినా ఫరవాలేదు గాని ఆ గుణం లేకపోతే కథే లేదని ఆయన ఉద్దేశం. నేను నా బాషలో చెప్పుకుంటాను: కథలో మనిషి ఎవరికి రుణపడ్డాడు, ఆ రుణం తీర్చడానికి ఏం పోగొట్టుకున్నాడు అని చూడాలి. బిచ్చగాళ్ల నాయకుడి తెగిన వేలు అందుకే చెప్పాను. ఆ పని చెడిందని ఆయన్ని శిక్షించే కోర్టు లేదు. తనకి తానే శిక్ష వేసుకున్నాడు. కొట్లాట ఎంత ఉన్నా ఈ లెక్క లేకపోతే అది వట్టి కొట్లాట. తల్లిగారి రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇదే కొలతతో చూసుకోవచ్చు. అమ్మాయి రాసిన ఒక్క ప్రకరణం చదవండి. కత్తి ఎత్తేముందు ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తున్నారా? ఆలోచిస్తుంటే పరీక్షలయ్యాక కొనసాగించమనండి.

తెలుగులో రాసేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు చైనాలో తోబుట్టువుల కింద లెక్క. పెద్దవాడు షీషియోంగ్, చిన్నవాడు షీదీ, పెద్దది షీజియె, చిన్నది షీమెయ్. ఇంగ్లీషు అనువాదకులు బ్రదర్, సిస్టర్ అని రాసి, పక్కన పెద్దా చిన్నా తగిలించలేక అవస్థ పడతారు. మనకి అన్న, తమ్ముడు, అక్క, చెల్లి సిద్ధంగా ఉన్నాయి. గురువుని పిలిచే 'షీఫు'లో తండ్రి అన్న అక్షరమే ఉంటుంది. అందుకే ఇంకో నవలలో యాంగ్ గువో అనే శిష్యుడు తనకి విద్య నేర్పిన యువతిని పెళ్లాడతానంటే వీరలోకమంతా ఛీ అంటుంది. గురువంటే తల్లితో సమానం కదా! ఇంగ్లీషు చదువరికి ఇందులో ఏముందనిపిస్తుంది. మనకి గుండె ఝల్లుమంటుంది. వాళ్లు పదహారేళ్లు విడిపోయి ఎదురుచూస్తారు. ఆ నవలలో ఎన్ని యుద్ధాలున్నాయో నాకు గుర్తులేదు గాని, ఆ పదహారేళ్లూ గుర్తున్నాయి.

జిన్ యోంగ్ చివరి నవలతో గడుల తగువు మరీ ముదిరింది. అందులో నాయకుడు వెయ్ షియావ్‌బావ్ వేశ్యాగృహంలో పుట్టిన అబద్ధాలకోరు. చదువు రాదు, కత్తి తిప్పడం రాదు, పారిపోవడం బాగా వచ్చు. ఏడుగురు పెళ్లాలు. ఇది మీరే రాశారా అని పాఠకులు అడిగారట. అది వూషియా కన్నా చారిత్రక నవలకే దగ్గరని ఆయనే రాసుకున్నాడు. కాని ఆ అబద్ధాలకోరు కూడా, చక్రవర్తికీ తిరుగుబాటుదారులకీ మధ్య నలిగి, ఇద్దరు స్నేహితుల్లో ఎవరినీ అమ్ముకోలేక చివరికి అన్నీ వదిలి మాయమైపోతాడు. అందుకని నేను దాన్ని కూడా వూషియా అలమరలోనే పెడతాను, రచయిత కాదన్నా సరే.

కనుక ఆ అమ్మాయి కథలో రాజవంశం, కాలం స్పష్టంగా ఉంటే గడిలో చారిత్రకం అని రాసి, నవల పేరు కింద చిన్న అక్షరాలతో 'వూషియా' అని చేర్చమనండి. అమరులూ రాక్షసులూ ఉంటే జానపదం అనేయవచ్చు. ఇంకా రాజవంశం ఏదో తేల్చుకోలేదంటే ముందు అది తేల్చుకోమనండి. జుట్టు ముడి దగ్గర్నుంచి నాణెం పేరుదాకా అన్నీ దానిమీదే ఆధారపడతాయి.

ఇంగ్లీషు చదవగలవాళ్లకి మొదట చెప్పిన నవల నాలుగు సంపుటాలుగా, 2018 నుంచి 2021 దాకా వచ్చింది. మొదటిది 'ఎ హీరో బార్న్'. వంట ఘట్టం మాత్రం రెండో సంపుటంలో ఉంది.